పెద్దకర్మ మర్నాడు వీలునామా బయటపడితే

అన్నదమ్ముల ఆస్తి తగాదాల్లో దురాశ పాలు ఎంతో చెప్పలేను గానీ, కాగితాన్ని తప్పుగా చదవడం పాలు మాత్రం చాలా ఎక్కువ. ఇక్కడ రాసినవన్నీ హిందూ కుటుంబాలకు వర్తించేవి.

సమస్య: అన్నయ్య బీరువాలోంచి వీలునామా తీశాడు. మిగతావారు దొంగదంటున్నారు.

"రిజిస్టరు కాలేదు, స్టాంపు కాగితం కూడా కాదు" అన్న వాదన నిలవదు. తెల్లకాగితం మీద రాసినా వీలునామా చెల్లుతుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ముందు ఆఖరి పేజీ అడుగున చూడండి. నాన్న సంతకమో వేలిముద్రో ఉండాలి, దాంతోపాటు ఇద్దరు సాక్షులు ఆయన ఎదుట చేసిన సంతకాలుండాలి. కోర్టుకు వెళితే, బతికున్న సాక్షుల్లో ఒకరైనా వచ్చి చెప్పాలి.

జీవితమంతా పింఛను పుస్తకంలో గుండ్రంగా సంతకం చేసిన మనిషి వీలునామాలో వేలిముద్ర వేశాడంటే, ఎందుకని అడగవలసిందే. చెయ్యి పడిపోయి ఉంటే ఆసుపత్రి కాగితాలు ఆ సంగతి చెబుతాయి. ఆస్తి దక్కించుకున్నవాడే లేఖరిని పిలిపించి దగ్గరుండి రాయించి ఉంటే, ఆ అనుమానాన్ని తీర్చే భారం అతనిదేనని సుప్రీంకోర్టు 1958లోనే వెంకటాచల అయ్యంగార్ కేసులో తేల్చింది.

రిజిస్టరైన వీలునామా ఇంకేదైనా ఉందేమోనని ఈసీలో (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో) వెతికి లాభం లేదు. సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో వీలునామాలను మూడో నంబరు పుస్తకంలో విడిగా ఎక్కిస్తారు. రాసినవారు బతికున్నంతకాలం నకలు వారికే ఇస్తారు. పోయాక మరణ ధ్రువపత్రం చూపి ఎవరైనా తీసుకోవచ్చు. రెండు బయటపడితే సక్రమంగా రాసిన చివరిదే లెక్క, అది రిజిస్టరు కాకపోయినా సరే.

సమస్య: వీలునామా నిజమైనదే. కానీ తాతల నాటి పొలమంతా ఒక్కడికే రాశారు.

స్వార్జితమైతే ఆయన ఇష్టం. పిత్రార్జితమైతే అందులో తన వాటా వరకే రాయగలరు. పాత పాసుపుస్తకాలు, పంపకాల దస్తావేజులు తిరగేసి, ఆ పొలం ఆయనకు ఎలా వచ్చిందో తేల్చుకోండి. లాయరు దగ్గరకు వెళ్ళేది ఆ తర్వాతే.

సమస్య: "కట్నం ఇచ్చాం కదా, పేరు మార్పిడికి ఒక్క సంతకం పెట్టమ్మా" అంటున్నారు.

కట్నంతో వాటా తీరదు. వీలునామా లేని తండ్రి స్వార్జితంలో కూతురికి 1956 నుంచీ కొడుకుతో సమాన వాటా ఉంది. ఉమ్మడి ఆస్తిలో జన్మహక్కును ఆంధ్రప్రదేశ్ 1985లో పెళ్ళికాని కూతుళ్ళకు ఇచ్చింది. 2005 సవరణతో అది దేశమంతటా, పెళ్ళయినవారికి కూడా వచ్చింది. 2005 నాటికి తండ్రి బతికి ఉండాలన్న నియమం లేదని 2020లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అయితే 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకాలను తిరగదోడలేరు.

చెల్లెమ్మలకు నా సలహా ఒక్కటే. కాగితం మీద "హక్కు విడుదల" అన్న మాట ఉందేమో చూశాకే కలం తీయండి. వదులుకోవాలనుకుంటే సంతోషంగా వదులుకోండి, తెలిసి వదులుకోండి.

సమస్య: డిపాజిట్ డబ్బంతా నామినీగా ఉన్న తమ్ముడు తీసుకున్నాడు.

బ్యాంకు డిపాజిట్లలో నామినీ డబ్బు అందుకునే చెయ్యి మాత్రమే. వీలునామా లేకపోతే అది వారసులందరిదీ. ముందు రాతపూర్వకంగా అడగండి.

సమస్య: పొలం ఒక్కరి పేరుకే మారింది, బేరం కూడా నడుస్తోంది.

రెవెన్యూ రికార్డులో పేరెక్కినంత మాత్రాన మిగతావారి హక్కు పోదు. అలాగని కూర్చోకండి. భాగపరిష్కార దావా, అంటే ఆస్తి పంచమని కోరే దావా, వేస్తే, ఆ తర్వాత కొన్నవాడు కూడా తీర్పుకు కట్టుబడాల్సిందే. మాటలు ఇంకా నడుస్తుంటే, దావాకు ముందే న్యాయసేవాధికార సంస్థ ద్వారా లోక్ అదాలత్‌కు వెళ్ళవచ్చు. అక్కడి రాజీకి కోర్టు డిక్రీకున్న విలువే ఉంటుంది.

సమస్య: అమ్మ బంగారం.

దీనికి కాగితం ఉండదు. అమ్మ నగలు కూతుళ్ళవేనన్నది ఆచారం. వీలునామా లేకపోతే చట్టప్రకారం నాన్నకు, కొడుకులకు, కూతుళ్ళకు సమానంగా చెందుతాయి. ఒక ఇంట్లో కంసాలిని పిలిచి అన్నీ తూయించి, సమాన బరువుగా మూటలు కట్టారు. అందరూ ఒప్పుకున్నారు, ముక్కుపుడక దగ్గర తప్ప. గ్రాము కూడా లేదది. చివరికి మనవరాలితో చీటీ తీయించారు.