మెమరీ కార్డులో చెరిగిపోయిన ఫొటోలను తిరిగి రాబట్టడం ఎలా?

పెళ్లి ఫొటోలున్న కార్డును పొరపాటున ఖాళీ చేశామని తెలిసిన మరుక్షణం దానిని కెమెరా నుంచి తీసి, పక్కనున్న చిన్న మీటను ‘లాక్’ వైపుకు జరపాలి. మిగతా పనులన్నీ ఆ తరువాతే.

ఇంత తొందర ఎందుకంటే, డిలీట్ నొక్కినంత మాత్రాన ఫొటో చెరిగిపోదు. 32 జీబీ వరకు ఉండే కార్డుల్లో ఫైళ్లను సాధారణంగా ఫ్యాట్32 అనే పద్ధతిలో అమరుస్తారు. అందులో ఫైలు పేరు, పరిమాణం, అది మొదలయ్యే చోటు ఒక పట్టికలో నమోదై ఉంటాయి. డిలీట్ చేసినప్పుడు పేరులోని మొదటి అక్షరం స్థానంలో ఒక గుర్తు పడుతుంది, ఆ ఫైలు ఆక్రమించిన గడులు (కార్డులోని స్థలాన్ని విభజించిన చిన్న భాగాలు) ఖాళీగా ఉన్నట్టు లెక్కలో చేరుతాయి. 1991లో వచ్చిన ఎంఎస్-డాస్ 5 అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్‌లోని అన్‌డిలీట్ ఆదేశం, పోయిన ఆ మొదటి అక్షరం ఏమిటో చెప్పమని మనల్నే అడిగేది! ఫొటో తాలూకు సమాచారం మాత్రం, దాని మీద మరొకటి రాసే వరకు, ఉన్నచోటే ఉంటుంది.

రికవరీ సాఫ్ట్‌వేర్ రెండు దారుల్లో వెతుకుతుంది. పట్టిక మిగిలి ఉంటే దాని ఆధారంగా వెళుతుంది: 5 ఎంబీ ఫొటోకు 32 కేబీ గడులు 160 కావాలి కనుక, మొదటి గడి నుంచి వరుసగా 160 గడులు చదువుతుంది. కార్డును త్వరగా ఖాళీ చేసే క్విక్ ఫార్మాట్ వల్ల పట్టిక కూడా పోతే, కార్డంతా గాలించి ఫైళ్ల ఆనవాళ్లను పట్టుకుంటుంది. జేపెగ్ ఫొటో ఏదైనా ఎఫ్ఎఫ్ డీ8 అనే రెండు బైట్లతోనే మొదలవుతుంది. ముక్కలుగా వేర్వేరు చోట్ల పడిన ఫొటో విషయంలో రెండు దారులూ తడబడతాయి.

క్రిస్టోఫ్ గ్రెనియర్ రూపొందించిన ఫొటోరెక్ ఈ రెండో దారిలో పనిచేస్తుంది, ఉచితంగా దొరుకుతుంది. స్కాన్ వరకు ఊరికే చేసి, ఫొటోలు ఇచ్చే ముందు డబ్బడిగే వాటికంటే ముందుగా దీనినే ప్రయత్నించడం మంచిదని నా అభిప్రాయం. దీని జిప్ ఫైలును కంప్యూటర్‌లో విప్పి, కార్డును రీడర్‌లో పెట్టాలి. ఫార్మాట్ చేయమంటారా అని విండోస్ అడిగితే వద్దనాలి. అందులోని క్యూఫొటోరెక్ (బటన్లు నొక్కి వాడుకునే ఫొటోరెక్ రూపం) తెరిచి, పరిమాణం సరిచూసుకుని కార్డును ఎంచుకోవాలి. డిలీట్ మాత్రమే అయితే ‘ఫ్రీ’, ఫార్మాట్ అయితే ‘హోల్’ ఎంచుకుని, దొరికినవి దాచే ఫోల్డరును తప్పనిసరిగా వేరే డ్రైవులో చూపించి, ‘సెర్చ్’ నొక్కాలి. దొరికిన ఫొటోలను అదే కార్డులోకి దింపితే, ఇంకా దొరకని వాటిని మన చేత్తో మనమే తుడిచేసినట్టవుతుంది.

ల్యాప్‌టాప్‌లోని ఎస్ఎస్‌డీ విషయంలో ఇంత ఆశ పెట్టుకోలేము. ఫైలు డిలీట్ చేశాక కంప్యూటర్ పంపే ట్రిమ్ అనే ఆదేశం అందగానే అది ఆ గడులను తనంతట తానే శుభ్రం చేసుకుంటుంది.

ఫొటోరెక్ ఇచ్చిన ఫైళ్లకు పాత పేర్లుండవు, అంకెలుంటాయి. తీసిన తేదీ మాత్రం చాలావరకు ఫొటోలోనే దొరుకుతుంది. చిన్న బొమ్మ చూసి నిశ్చింత పడకూడదు. జేపెగ్ లోపల థంబ్‌నెయిల్ విడిగా ఉంటుంది కనుక, తలంబ్రాల ఫొటో చిన్నగా చూస్తే నిండుగా ఉండి, తెరిస్తే సగం నుంచి బూడిదరంగు పట్టీ కావచ్చు. ఒక్కొక్కటీ పూర్తి పరిమాణంలో తెరిచి చూసుకున్న తరువాతే కార్డు లాక్ తీయాలి.