వరికోతల రోజుల్లో పందేనికి సైకిల్ మీద వెళ్లేవారు దారి విషయంలో తీసుకోవలసిన జాగ్రత్తలు

దసరా దాటిన నాటి నుంచి సంక్రాంతి వరకు నల్లగొండ, పాలమూరు ప్రాంతాల్లో సైకిల్ పందేలకు బాగా అనువైన కాలం. ఎండాకాలంలో ఇక్కడ పొద్దున ఎనిమిది దాటితే సైకిల్ తొక్కడం ఎవరి తరమూ కాదు, వానాకాలంలో దారులను నమ్మడానికి లేదు, కాబట్టి పోటీలు పెట్టుకునేవారు సహజంగానే ఈ చల్లని రోజులను ఎంచుకుంటారు. అయితే వరికోతలు, పత్తి ఏరడం, ధాన్యం కొనుగోళ్లు కూడా సరిగ్గా ఈ రోజుల్లోనే సాగుతాయి. నిన్న ఖాళీగా ఉన్న రోడ్డు నేడు కల్లమవుతుంది, మొన్న ఎండి ఉన్న బాట నిన్నటి జల్లుకు బురదవుతుంది. పందెం జరిగే రోడ్డును నిర్వాహకులు ఏదో ఒక మేరకు చూసుకుంటారు. అక్కడికి చేరే దారిని చూసుకోవలసింది మనమే.

ముందుగా దూరం సంగతి. మీ ఊరి నుంచి పందెం మొదలయ్యే చోటికి తారురోడ్డు మీద 30 కిలోమీటర్లు, చేల మధ్య బండ్లబాట పట్టుకుని పోతే 22 కిలోమీటర్లు ఉన్నాయనుకుందాం. 8 కిలోమీటర్లు కలిసివస్తాయి కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ తారు మీద గంటకు 21 కిలోమీటర్ల చొప్పున నిమ్మళంగా సాగిపోయే మనిషి మొరం బాట మీద 13కు మించి పోవడం కష్టం. లెక్క వేస్తే తారురోడ్డుకు గంటా 26 నిమిషాలు, అడ్డదారికి గంటా 40 నిమిషాలకు పైగా పడుతుంది. ఇసుక మేట వేసిన చోట దిగి నడిపించుకోవలసి వస్తే అది వేరే. పైగా ఆ కుదుపులకు మోచేతులు, నడుము ముందే అలసిపోతాయి. అందువల్ల దారులను కిలోమీటర్లతో గాక నిమిషాలతోనూ, చేరేసరికి ఒంట్లో మిగిలే సత్తువతోనూ పోల్చుకోవాలి. దారి పొడవునా పక్కవారితో ఆయాసం లేకుండా మాట్లాడగలిగేంత నిదానంగా తొక్కి, పందేనికి ముప్పావుగంట ముందు చేరగలిగితే ఆ దారి సరైనది. చిన్న పందేనికి పోవడానికే గంటన్నరకు మించి తొక్కవలసి వస్తే, నా దృష్టిలో అసలు తొక్కకపోవడమే మేలు.

ఫోనులోని మ్యాపు ఈ విషయంలో సగం సాయం మాత్రమే చేస్తుంది. కాలువ కట్టను, బండ్లబాటను, తారురోడ్డును అది ఇంచుమించు ఒకే గీతగా చూపిస్తుంది. ఉపగ్రహ చిత్రం ఎండాకాలంలో తీసినదైతే, చెరువు శిఖంలో, అంటే నీళ్లు నిలిచే పల్లంలో, కనిపించే బాట ఇప్పుడు నిలువెత్తు నీళ్ల కింద ఉండవచ్చు. ఒక కార్తీక మాసంలో నేను ఆ గీతనే నమ్ముకుని నల్లరేగడి చేల మధ్యకు దిగాను. పైన పొర ఎండి పెళుసుగా కనబడింది గాని, లోపల మూడు రోజుల కిందటి వాన తడి అలాగే ఉంది. ఇరవై గజాలు పోయేసరికి టైరుకు మట్టి చుట్టుకుంది, ఆ మట్టికి గడ్డి అంటుకుంది, రెండూ కలిసి ఫోర్కుకు, టైరుకు నడుమ ముద్దగా బిగుసుకుని చక్రం తిరగకుండా ఆగిపోయింది. తుమ్మపుల్లతో గోక్కుంటూ, సైకిల్‌ను భుజాన వేసుకుని తారురోడ్డు చేరేసరికి పందెం మొదలై పన్నెండు నిమిషాలయింది.

అప్పటి నుంచి నేల రంగు చూడకుండా ఏ బాటలోనూ దిగడం లేదు. ఎర్రచలక నేలలు, దుబ్బ నేలలు వాన వెలిసిన మరునాటికే తొక్కడానికి వీలవుతాయి, సన్నటి తడి ఉన్నప్పుడైతే పొడినేల కంటే బాగుంటాయి కూడా. నల్లరేగడి అలా కాదు, గట్టి వాన పడితే నాలుగైదు రోజులు ఎండ కాసినా నమ్మడానికి లేదు. పిడికెడు మట్టి తీసి పిసికితే ముద్దగా నిలిచి, బొటనవేలి గుర్తు స్పష్టంగా పడితే వెనక్కి తిరగండి. పొడిగా రాలిపోతే ముందుకు సాగండి.

ఇక కాలువ కట్టల విషయం కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే మన ప్రాంతంలో సైకిల్ వారిని ఎక్కువగా ఊరించేవి అవే. నల్లగొండ వైపు సాగర్ ఎడమ కాలువ, అక్కంపల్లి నుంచి ఉదయ సముద్రం చెరువు దాకా వచ్చే ఏఎమ్మార్పీ (అలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు) కాలువ, పాలమూరు వైపు కల్వకుర్తి, భీమా, నెట్టెంపాడు ఎత్తిపోతల కాలువలు, వీటి పక్కన తనిఖీ జీపుల కోసం వేసిన బాటలు చదునుగా, తిన్నగా, లారీలు లేకుండా కనిపిస్తాయి. కానీ వాటికి కంచె ఉండదు, గట్టు అంచులు కోసుకుపోయి ఉంటాయి, తూములు, గేట్ల దగ్గర బాట ఉన్నట్టుండి తెగిపోతుంది. అంతకంటే పెద్ద ముప్పు కాలువ లోపలి సిమెంటు లైనింగు. నిండుగా పారే కాలువలో పడిన మనిషికి, ఈత వచ్చినా సరే, పాచి పట్టిన ఆ వాలుగోడ మీద కాలు నిలవదు, చేతికి పట్టు దొరకదు. కట్ట మీద తప్పనిసరిగా పోవలసి వస్తే బాగా తెల్లవారిన తర్వాతే, జతగాడితో కలిసి, నీళ్ల వైపు గాక చేల వైపు అంచున పోవాలి. చీకట్లో పోవద్దు. సీసాలో నీళ్లు నింపుకోవడానికైనా, చేతులు కడుక్కోవడానికైనా లైనింగు మీదికి దిగవద్దు.

చెరువు కట్టలు అంత ప్రమాదకరం కావు, పానగల్లు దగ్గర ఉదయ సముద్రం కట్ట మీద పొద్దుటిపూట తొక్కడం ఒక సుఖం కూడా. అయితే కట్ట చివర అలుగు పారుతుంటే, నీటి కింద ఉన్న బండకు పాచి ఉంటుందని గుర్తుంచుకుని దిగి నడవాలి. నీళ్లు పిక్క దాటి వేగంగా పారుతుంటే అసలు దాటకూడదు. లోలెవల్ వంతెనలకూ ఇదే మాట వర్తిస్తుంది. నల్లగొండ, మిర్యాలగూడ మీదుగా పోయే రైలు మార్గం కింద కొన్ని చోట్ల ఉన్న అండర్ బ్రిడ్జిల్లో వాన వెలిసిన తర్వాత కూడా నీళ్లు నిలుస్తాయి, వాటి అడుగున గుంట ఉందో కంకర ఉందో పైకి కనబడదు. గేటు దగ్గర పట్టాలు దాటేటప్పుడు చక్రం పట్టాకు అడ్డంగా ఉండేలా చూసుకోవాలి, ఏటవాలుగా పోతే సన్నటి టైరు ఆ సందులో ఇరుక్కుంటుంది.

తారురోడ్డే మంచిదన్నాను గాని, ఈ నెలల్లో తారురోడ్డు మీద వడ్లు ఉంటాయి. రైతుకు వేరే చోటు లేక ఆరబోసుకుంటాడు, అతని మీద కోపం తెచ్చుకుని లాభం లేదు. మనం తెలుసుకోవలసినది ఆ ఆరబోతకు ఉన్న పద్ధతి. పొద్దున మంచు ఆరాక, ఎనిమిది తొమ్మిది గంటల వేళ సగం రోడ్డు మీద వడ్లు పరుస్తారు, బండ్లు ఎక్కకుండా అంచు పొడవునా బండరాళ్లు పేరుస్తారు, పొద్దు గుంకే వేళకు కుప్ప చేసి నల్లటి టార్పాలిన్ పట్టా కప్పుతారు. కాబట్టి తెల్లవారుజామున మనకు ఎదురయ్యేది పరిచిన వడ్లు కాదు, నల్లటి రోడ్డు మీద నల్లటి పట్టా కప్పిన కుప్ప, దాని చుట్టూ తలకాయంత రాళ్లు. ఎదురుగా వచ్చే లారీ లైటు కళ్లలో పడిన క్షణంలో అది కనిపించదు. ఆ రోడ్డు మీద వెలుతురు రాకముందు బయలుదేరవలసి వస్తే ముందు లైటు బలంగా ఉండాలి, వేగం లైటు పడే దూరంలో ఆగగలిగినంతే ఉండాలి. పరిచిన వడ్ల మీదికి పొరపాటున చక్రం పోతే బ్రేకు పట్టకుండా, హ్యాండిల్ తిప్పకుండా, తొక్కడం ఆపి నేరుగా జారనివ్వండి. గింజలు టైరు కింద పూసల్లా దొర్లుతాయి, బ్రేకు వేసిన వాడే పడతాడు. మంచుకు తడిసిన వరిగడ్డి దీనికంటే అధ్వానం, సబ్బు మీద కాలు వేసినట్టే.

కోత మిషన్లు, కేజ్‌వీల్స్ (దమ్ము చేసే ఇనుప చక్రాలు) వేసిన ట్రాక్టర్లు తిరిగిన ఊరి రోడ్ల మీద తారు అడ్డంగా గాట్లు పడి, కంకర తేలి ఉంటుంది. మహిళా సంఘాలు నడిపే ఐకేపీ ధాన్యం కొనుగోలు కేంద్రాల దగ్గర, మిర్యాలగూడ రైస్ మిల్లుల దారుల్లో, పత్తి మిల్లుల ముందు ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి. ఆ బారుకు ఎడమ పక్క సందులోంచి దూరిపోవాలన్న ఆలోచన మానుకోండి, ఎందుకంటే ట్రాలీ వెనుక నుంచి మనిషి అకస్మాత్తుగా దిగుతాడు, డ్రైవరుకు మనం కనిపించం.

జాతీయ రహదారుల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. 65వ నంబరు రహదారి మీద చౌటుప్పల్, నార్కట్‌పల్లి వైపు గాని, 44వ నంబరు రహదారి మీద జడ్చర్ల, కొత్తకోట వైపు గాని పోవలసి వస్తే, ఉన్నంత మేరకు సర్వీసు రోడ్డు పట్టుకోండి, సర్వీసు రోడ్డు మీద ఎదురు దిశలో వచ్చే బైకులు ఉంటాయని ముందే అనుకోండి. సంక్రాంతికి ముందు రెండు మూడు రోజులు 65 మీదికి సైకిల్ తీసుకుపోవద్దు. నల్లమల వైపు పందెమైతే మరో నియమం ఉంది: అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా పోయే శ్రీశైలం రోడ్డు మీద రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు రాకపోకలు ఆపుతారు, అటవీశాఖ అనుమతి లేకుండా లోపలి బాటల్లోకి సైకిల్ దించడం నేరం.

చేల బాటల్లో మనుషులు పెట్టుకున్న ప్రమాదం ఒకటి ఉంది. అడవి పందుల కోసం కొందరు పంట చుట్టూ సన్నటి తీగ కట్టి కరెంటు వదులుతారు. అది చట్టవిరుద్ధం, అయినా జరుగుతోంది, తెల్లవారుజామున ఆ తీగ కనిపించదు. అందువల్ల గట్ల మీదుగా, పొలాల్లోంచి అడ్డంగా ఎంత దగ్గర దారి ఉన్నా సరే పోకూడదు, పదిమంది నడిచే బాటలోనే ఉండాలి. గొర్ల మంద ఎదురైతే పక్కకు ఆగి కాపరికి దారి ఇవ్వండి. మంద వెంట ఉండే కుక్కలు పరుగెత్తే చక్రాన్నే తరుముతాయి గాని, దిగి సైకిల్‌ను అడ్డంగా పెట్టుకుని నడిచే మనిషిని చాలాసార్లు వదిలేస్తాయి. ఒకవేళ కరిస్తే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద పావుగంట కడిగి, పందెం సంగతి మరిచిపోయి, ఆ రోజే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో టీకా వేయించుకోవాలి.

పంక్చర్లకు మన దగ్గర ముఖ్య కారకులు సర్కారు తుమ్మ ముళ్లు, పల్లేరుకాయలు. పల్లేరుకాయ ఎటు పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది. బాట దిగి తారు ఎక్కిన వెంటనే ఆగి, పాత గుడ్డ ముక్కతో టైరు చుట్టూ ఒకసారి తుడిస్తే, ఇంకా లోపలికి దిగని ముల్లు గుడ్డకు తగులుకుంటుంది. ఒట్టి బొటనవేలితో చూడవద్దు. పల్లెల్లోని పంక్చర్ షాపుల్లో పాతకాలపు సైకిల్ వాల్వుకు, మోటారుసైకిల్ వాల్వుకు గాలి కొడతారు గాని, రేసు సైకిళ్లకు ఉండే సన్నటి ప్రెస్టా వాల్వుకు వారి పంపు పట్టదు. చిన్న ఇత్తడి అడాప్టరు ఒకటి సీటు సంచిలో ఉంటే చాలు. మీ కొలత ట్యూబు అక్కడ దొరకదు కాబట్టి రెండు ట్యూబులు మీరే తీసుకుపోవాలి. బాటలో పోవడానికి టైరు గాలి కొంత తగ్గించుకున్నవారు, పందేనికి ముందు మళ్లీ ఎక్కించుకోవడానికి చేతి పంపు మరవకూడదు. నీళ్లు ఇంటి నుంచే నింపుకోండి. మర్రిగూడ, మునుగోడు వైపు బోరునీళ్లలోని ఫ్లోరైడ్ ఒక్క రోజుకు ఏమీ చేయదు గాని, పందేనికి ముందు తెలియని నీళ్లు తాగడం కడుపుకు మంచిది కాదు.

ఇవన్నీ ఇంట్లో కూర్చుని తేల్చుకునే సంగతులు కావు. పందెం ఆదివారం అయితే గురువారమో శుక్రవారమో, పందెం నాడు బయలుదేరే వేళకే, ఆ దారి మొత్తం ఒకసారి తొక్కి చూడండి. నవంబరులో ఆరుంబావు దాటితే గాని పొద్దు పొడవదు, చెరువుల పక్కన పొగమంచు ఏడు దాకా ఉంటుంది, ఈ విషయాలు పగలు పన్నెండింటికి పోయి చూస్తే తెలియవు. దారిలో పాలబండి అతన్ని అడగండి, రోజూ చీకటితో ఆ బాటలో పోయేవాడు అతనే. ఎక్కడ గుంట పడిందో, ఏ మలుపులో కుక్కలుంటాయో, ఎవరి వడ్లు ఎక్కడ ఉన్నాయో అతని నోట్లోనే ఉంటాయి. ఎంచుకున్న దారిలో ఏ ఊరి దగ్గర విరమించుకుని తారురోడ్డు ఎక్కవచ్చో ఒకటి రెండు చోట్లు గుర్తు పెట్టుకుని, ఆ దారి పేరు ఇంట్లో చెప్పి బయలుదేరండి. 108, 112తో పాటు జాతీయ రహదారి మీద సాయానికి 1033 ఉంటుంది.

తిరుగు ప్రయాణాన్ని చాలామంది లెక్కలోకి తీసుకోరు. పొద్దున ఆరింటికి ఖాళీగా దాటిన రోడ్డు మీద పదకొండింటికి సగం మేర వడ్లు పరిచి ఉంటాయి, ఎండ ఎక్కుతుంది, ఈ కాలంలో ఎక్కువగా ఈశాన్యం నుంచి వీచే గాలి ఆ వైపు పోయేవారికి ఎదురవుతుంది, కాళ్లలో సత్తువ ఉండదు. నేనైతే నలుగురితో కలిసి ముందురోజే ఒక ట్రాలీ ఆటో మాట్లాడుకుంటాను. డ్రైవరును రెండు పాత దుప్పట్లు తెమ్మని చెప్పడం మాత్రం మరవవద్దు, లేకపోతే ఇంటికి చేరేలోగా సైకిళ్లు ఒకదానికొకటి రాసుకుని రంగు లేచిపోతుంది.