పిల్లల్ని ఆన్‌లైన్‌లో వేధిస్తుంటే: ఫిర్యాదు చేసే విధానం

పాప ఫొటోతో ఎవరో ఫేక్ అకౌంట్ తెరిచారని, బాబును క్లాస్ గ్రూప్‌లో రోజూ ఏడిపిస్తున్నారని తెలియగానే చాలా ఇళ్లలో జరిగేది ఒకటే. టెన్షన్‌లో ఫోన్ లాక్కుంటారు, చాట్ డిలీట్ చేస్తారు, పిల్లల్నే నాలుగు తిడతారు. ఆధారం అక్కడే పోతుంది. దయచేసి ఏదీ చెరపకండి. బ్లాక్ చేయడం కూడా ఆధారాలు తీసుకున్నాకే.

స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు. అకౌంట్ మీద కనిపించే పేరు మార్చడం క్షణం పని, అందుకే ప్రొఫైల్ లింక్, పోస్టు లింక్ రెండూ కాపీ చేసి పెట్టుకోండి. మెసేజ్ పక్కన ‘2 గంటల క్రితం’ అని మాత్రమే ఉంటే, నెల పోయాక అది ఏ రోజుదో ఎవరూ చెప్పలేరు. తేదీ, టైమ్ అప్పుడే కాగితం మీద రాసుకోండి. ఆ ఫోన్‌ను రీసెట్ చేయించకండి.

వేధింపు అశ్లీల ఫొటోతో అయితే, ‘చూడండి ఏం చేశారో’ అని దాన్ని బంధువులకు అస్సలు పంపకండి. 18 ఏళ్ల లోపు పిల్లల అలాంటి చిత్రాలను పంచడం ఐటీ చట్టం 67బి సెక్షన్ కింద నేరం.

ఇక ఫిర్యాదు. కేంద్ర హోం శాఖ పోర్టల్ సైబర్‌క్రైమ్ డాట్ జీఓవీ డాట్ ఇన్ తెరిచి, మహిళలు, పిల్లలపై నేరాల విభాగంలోకి వెళ్లండి. పేరు చెప్పకుండా ఫిర్యాదు చేసే వీలుంది కానీ, తర్వాత అది ఎంతవరకు వచ్చిందో చూసుకోలేరు. నా సలహా, ఫిర్యాదు ఎంతవరకు వచ్చిందో చూసుకునే వీలున్న ‘రిపోర్ట్ అండ్ ట్రాక్’ ఆప్షన్. మొబైల్ నంబర్‌కు వచ్చే ఓటీపీతో లాగిన్ అయి, ఎప్పుడు, ఏ యాప్‌లో, ఏం జరిగిందో రాసి, లింకులు, స్క్రీన్‌షాట్లు జత చేయాలి. సబ్‌మిట్ చేశాక వచ్చే నంబర్ దాచుకోండి. ఫీజు లేదు. ఇది సంబంధిత రాష్ట్ర పోలీసులకు వెళ్తుంది, అయితే పోర్టల్‌లో పెట్టినంత మాత్రాన ఎఫ్‌ఐఆర్ అయినట్టు కాదు. ఆ నంబర్‌తో స్టేషన్‌కూ వెళ్లండి. ‘మా పరిధి కాదు’ అంటే జీరో ఎఫ్‌ఐఆర్ (పరిధితో పని లేకుండా ఏ స్టేషన్‌లోనైనా రాసే ఎఫ్‌ఐఆర్) అడగండి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి.

ఆడపిల్ల వద్దంటున్నా ఒక మగవాడు వెంటపడి మెసేజ్‌లు పెడుతుంటే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 78, ఎవరినైనా బెదిరిస్తే 351, వేరొకరిలా నటించి మోసం చేస్తే ఐటీ చట్టం 66డి వర్తిస్తాయి. లైంగిక వేధింపైతే పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల నుంచి రక్షించే చట్టం). ఆ కేసులో పిల్లలు స్టేషన్‌కు రానక్కర్లేదు. ఇంట్లోనో, వాళ్లు కోరిన చోటో వాంగ్మూలం తీసుకోవాలి, అధికారి యూనిఫాంలో ఉండకూడదు. పిల్లల పేరు, ఫొటో మీడియాలో రాకూడదు. వేధించేది తోటి విద్యార్థే అయినా వెనకాడకండి: 18 లోపు వాళ్ల కేసు జువెనైల్ జస్టిస్ బోర్డు చూస్తుంది.

పోస్టు తీయించడానికి ఆ యాప్‌లో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కు విడిగా రాయాలి. 2021 ఐటీ రూల్స్ ప్రకారం స్పందించడం వారి బాధ్యత. తృప్తి లేకపోతే కేంద్రం ఏర్పాటు చేసిన గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి 30 రోజుల్లోగా ఆన్‌లైన్‌లో అప్పీల్ చేయవచ్చు.

బిడ్డ భయంతో మాట్లాడకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. స్టేషన్‌లో కేసు రాయకపోతే ఫిర్యాదును పోస్టులో ఎస్పీకి పంపండి, అక్కడా కదలిక లేకపోతే మేజిస్ట్రేట్ కోర్టులో దరఖాస్తు వేయవచ్చు.