వాతావరణ మార్పుకు సాగు ఎంత లోబడుతుందో లెక్కగట్టడం

ముందు ఏ పంటకు, ఏ ముప్పుకు లెక్క కడుతున్నారో తేల్చుకోండి. వరికి వరద ముప్పు, గోధుమకు గింజ పాలుపోసుకునే వేళ వచ్చే వేడి ఒకే పట్టికలో ఇమడవు.

2007 నాటి ఐపీసీసీ (వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం) నివేదిక ప్రకారం బలహీనతను, అంటే సాగు ఎంత లోబడుతుందో, తేల్చడానికి చూడాల్సినవి మూడు: ముప్పు తాకిడి, దానికి పంట చలించే తీరు, తట్టుకునే శక్తి. 2014 నివేదిక తాకిడిని బలహీనతలోంచి విడదీసి రిస్క్ (నష్టం జరిగే అవకాశం) కింద పెట్టింది. రెండు పద్ధతులనూ కలిపేయకండి.

తాకిడికి కనీసం 30 ఏళ్ల రోజువారీ వాన, ఉష్ణోగ్రత లెక్కలు కావాలి. ఏడాది సగటు చూస్తే మోసపోతాం. మొత్తం వాన మామూలుగానే ఉన్నా, పూత దశలో మూడు వారాలు చినుకు పడకపోతే దిగుబడి పోతుంది. అందుకే పంట దశలవారీగా బెట్ట రోజులు లెక్కించండి.

తర్వాత ప్రతి సూచికనూ (బెట్ట రోజులు, సాగునీటి వసతి లాంటి కొలతను) 0–1 మధ్యకు తేవాలి: విలువలోంచి కనిష్ఠం తీసేసి, గరిష్ఠ కనిష్ఠాల తేడాతో భాగించండి. సాగునీటి వసతి ప్రాంతాలన్నిటిలో 10 నుంచి 90 శాతం దాకా ఉంటే, 30 శాతం ఉన్నచోట 0.25 వస్తుంది. వసతి పెరిగితే బలహీనత తగ్గుతుంది కాబట్టి 1లోంచి తీసేసి 0.75 వేయాలి. ఎక్కువమంది తప్పేది ఈ తిరగేయడంలోనే.

సూచికలను కలిపేటప్పుడు ఒక్కోదానికి ఇచ్చిన బరువులు (ప్రాధాన్యం చెప్పే అంకెలు) మార్చి మళ్లీ లెక్కించండి. బలహీనతలో ప్రాంతాల వరుస తారుమారైతే ఫలితం గట్టిది కాదు. పాత దిగుబడి నష్టాలతోనూ సరిచూడండి.