వేరులోని నేస్తాలు – మూడో పాఠం: బుడిపెను కోసి చూద్దాం

వేరును అంటిపెట్టుకున్న మట్టిలో బ్యాక్టీరియా ఎందుకు గుమికూడుతుందో కిందటి పాఠంలో చెప్పుకున్నాం. ఈసారి చేత్తో చేసే పని. పప్పుజాతి మొక్కను తవ్వి తీసి, దాని వేరు బుడిపెల్లో రైజోబియం (గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే బ్యాక్టీరియా) పనిచేస్తోందో లేదో మనమే తేల్చుకుందాం. దీనికి ల్యాబ్ అక్కర్లేదు. పార, బకెట్ నీళ్లు, బ్లేడు ఉంటే చాలు.

పెసర, మినుము, సోయా, ఏదైనా సరే, పూత మొదలయ్యే రోజుల్లో చూడండి. మరీ లేత మొక్కలో బుడిపెలు ఇంకా ఎదగవు, కాయలు ముదిరేసరికి వాటి పని అయిపోతుంది.

మొక్కను పట్టుకుని పీకొద్దు. పీకితే బుడిపెలు మట్టిలోనే రాలిపోతాయి, మనమేమో అసలు లేవనుకుంటాం. కాండానికి జానెడు దూరంలో చుట్టూ పార దించి, మట్టిగడ్డతో సహా పైకి లేపండి. కాసేపు నీళ్లలో నానబెట్టి మెల్లగా ఆడిస్తే మట్టి దానంతటదే జారిపోతుంది.

వేరు మీద కనిపించే ప్రతి ఉబ్బూ బుడిపె కాదు. బుడిపె వేరు పక్కన అతుక్కుని ఉంటుంది, వేలితో నెడితే ఊడొస్తుంది. నులిపురుగులు పడితే వేరు తానే ఉబ్బుతుంది, నెట్టినా ఊడదు.

ఇక అసలు పరీక్ష. పెద్ద బుడిపెను బ్లేడుతో మధ్యకు కోసి వెంటనే చూడండి. లోపల గులాబీ రంగు గానీ ఎరుపు గానీ ఉంటే గాలిలోని నత్రజని మొక్కకు పనికొచ్చే రూపంలోకి మారుతున్నట్టే. ఆ రంగు లెగ్‌హీమోగ్లోబిన్‌ది, మన రక్తంలోని హీమోగ్లోబిన్‌కు చుట్టం. గాలిలోని నత్రజనిని అమ్మోనియాగా మార్చే నైట్రోజినేజ్ అనే ఎంజైమ్ ఆక్సిజన్ తగిలితే పాడైపోతుంది. కానీ ఆక్సిజన్ లేకపోతే ఆ పనికి కావాల్సిన శక్తి బ్యాక్టీరియాకు అందదు. అందుకే లెగ్‌హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను పట్టి ఉంచి కొద్దికొద్దిగా అందిస్తుంది. ఎన్నిసార్లు కోసి చూసినా నాకు ఈ ఏర్పాటు అబ్బురంగానే ఉంటుంది.

లోపల తెల్లగా ఉంటే బుడిపె లేతదైనా కావాలి, పని చేతకాని రకం బ్యాక్టీరియా చేరైనా ఉండాలి. ఆకుపచ్చగానో గోధుమ రంగులోనో ఉంటే ముసలిదైపోయింది. బఠానీ లాంటి వాటి బుడిపెలు పొడుగ్గా ఉంటాయి. వాటి కొన తెల్లగా ఉండటం మామూలే, ఎదుగుదల అక్కడే జరుగుతుంది. రంగు చూడాల్సింది మధ్యభాగంలో.

లెక్కపెట్టి సంబరపడొద్దు. చిన్న తెల్ల బుడిపెలు వంద ఉన్నదానికన్నా ఎర్రటి లావు బుడిపెలు పది ఉండటమే మేలు. బ్యాక్టీరియాను పోషించే చక్కెరంతా మొక్కే ఇస్తుంది, పనిచేయని వాటికి పెట్టింది దండగే.

బుడిపెలే సరిగా లేకపోతే ముందు ఎరువు సంగతి చూడండి. యూరియా దండిగా పడితే మట్టిలో నైట్రేట్ రూపంలో నత్రజని పెరుగుతుంది, మొక్క బుడిపెలు కట్టడం తగ్గించేస్తుంది. ఆమ్ల గుణమున్న నేలల్లో మాలిబ్డినం మొక్కకు సరిగా అందదు. నైట్రోజినేజ్‌కు ఆ లోహం కావాలి. ఆ పంటకు సరిపడే రైజోబియం ఆ నేలలో లేకపోవడం ఇంకో కారణం.

పొలంలో వేర్వేరు చోట్ల నుంచి ఐదు మొక్కలు తీయండి. వాటిలో ఒకటి ఆకులు పాలిపోయినదై ఉండాలి. ఒక్కోదానికి బుడిపెలు తల్లివేరు పైభాగంలో ఉన్నాయా, పిల్లవేర్ల మీదా, లోపలి రంగేంటి అన్నది రాసుకోండి. వచ్చే పాఠంలో విత్తనాలకు రైజోబియం పట్టించేటప్పుడు ఆ కాగితం పక్కన పెట్టుకోవాలి.