ఇంట్లోనే ఇంగ్లిష్ వ్యాకరణం – 6వ పాఠం: ఎ, యాన్, ద

ముందు పోయిన పాఠం జవాబులు. ఏ మాటలు లెక్కపెట్టగలిగేవో, ఏవి కావో విడదీయమన్నాను. రైస్, వాటర్, అడ్వైస్, ఫర్నిచర్ లెక్కపెట్టలేనివి. చైర్, బస్, మ్యాంగో లెక్కపెట్టగలిగేవి. ఫర్నిచర్స్ అని రాసినవాళ్లు చివరి ఎస్ కొట్టెయ్యండి. ఈ తేడా ఇవాళ కూడా కావాలి, ఎందుకంటే ఎ, యాన్ రెండూ లెక్కపెట్టగలిగే మాట ముందే, అదీ ఏకవచనంలోనే వస్తాయి.

ఎ ఎక్కడ, యాన్ ఎక్కడ? బడిలో ఎ, ఈ, ఐ, ఓ, యూ అని ఐదక్షరాలు బట్టీ పట్టిస్తారు. సగం తప్పులు అక్కడే పుడతాయి. చూడాల్సింది స్పెల్లింగు కాదు, పలుకు. మనకు దీనికో సుళువు ఉంది: మాటను తెలుగులో రాసి చూడండి. అచ్చుతో మొదలైతే యాన్, హల్లుతో మొదలైతే ఎ. అవర్ స్పెల్లింగులో ముందు హెచ్ ఉన్నా, తెలుగులో రాస్తే వచ్చేది అ. కాబట్టి యాన్ అవర్. పాలమూరు యూనివర్సిటీ అయినా, నల్గొండలోని మహాత్మా గాంధీ యూనివర్సిటీ అయినా మొదట పలికేది య. కాబట్టి ఎ యూనివర్సిటీ. రూపాయి బిళ్ల కూడా ఎ వన్ రూపీ కాయిన్.

దరఖాస్తుల్లో తప్పులు దొర్లేది పొడి అక్షరాల దగ్గర. ఎమ్మార్వో, ఎస్సై, ఆర్టీసీ బస్ మూడూ అచ్చుతోనే మొదలవుతాయి: యాన్ ఎమ్మార్వో, యాన్ ఎస్సై, యాన్ ఆర్టీసీ బస్. డీఎస్పీకి మాత్రం ఎ.

ఈ సుళువు రెండుచోట్ల దెబ్బతింటుంది. ఎగ్‌ను యెగ్గు అని పలికే అలవాటుంటే చెవికి య వినపడి ఎ రాస్తారు. ఎగ్ అని సరిగ్గా పలికి చూడండి. రెండోది హెచ్. మనం హెచ్చెం అంటాం గానీ, ఇంగ్లిష్‌లో ఆ అక్షరం పేరు ఎయిచ్. అందుకే పరీక్షలో యాన్ హెచ్చెం అనే రాయాలి.

ఇంకో తప్పు, అసలు రాయకపోవడం. తెలుగులో "ఆయన టీచర్" అంటే సరిపోతుంది, "ఒక టీచర్" అనం. ఇంగ్లిష్‌లో హీ ఈజ్ టీచర్ అంటే తప్పు, హీ ఈజ్ ఎ టీచర్ అనాలి.

ఇక ద. "దేవరకొండ నుంచి బస్సొచ్చింది. ఆ బస్సు నిండా జనం." ఇంగ్లిష్‌లో: ఎ బస్ కేమ్ ఫ్రమ్ దేవరకొండ. ద బస్ వాజ్ ఫుల్. తెలుగులో "ఆ" అని వేలు చూపగలిగిన చోట ద పెట్టండి. "గడియారం దగ్గర కలుద్దాం" అంటే నల్గొండలో ఏ గడియారమని ఎవరూ అడగరు. "ఆ" అనకపోయినా ఇద్దరికీ తెలిసిందే కాబట్టి మీట్ మీ యాట్ ద క్లాక్ టవర్.

నదుల పేర్లకు ద ఉంటుంది: ద మూసీ జాయిన్స్ ద కృష్ణా యాట్ వాడపల్లి. ఊళ్లకు ఉండదు, ద నల్గొండ అనకూడదు. నల్గొండ డిస్ట్రిక్ట్‌కూ వద్దు. అచ్చు ముందు ద అన్న మాటను ది అని పలకాలి, రాత మారదు.

అభ్యాసం. ఖాళీలు నింపండి, ఏమీ అక్కర్లేని చోట గీత అలాగే వదిలెయ్యండి:
షీ ఈజ్ ___ ఎమ్మెస్సీ స్టూడెంట్.
హీ బాట్ ___ యూనిఫాం.
___ తుంగభద్ర జాయిన్స్ ___ కృష్ణా.
వీ లివ్ ఇన్ ___ మిర్యాలగూడ.

జవాబులు 7వ పాఠంలో, కామాతో పాటు.