ఆరంగుళాల అద్దానికి పిచ్ ల్యాప్: మన ఎండలకు తగ్గ పాకం

ఇంట్లో టెలిస్కోప్ అద్దం చేసేవాళ్లకు అరగదీత కాదు, పాలిషే పరీక్ష. ఆరంగుళాల ఎఫ్/8 అద్దానికి (ఫోకస్ దూరం వ్యాసానికి ఎనిమిది రెట్లు) నడుమ 1.2 మి.మీ. లోతు చాలు, 80 నంబరు కార్బొరండంతో (గరుకు రాపిడి పొడి) వచ్చేస్తుంది. తర్వాత 120, 220, 400, చివర్లో సన్నటి అల్యూమినియం ఆక్సైడ్. పొడి మార్చిన ప్రతిసారీ బల్ల, బకెట్, చేతిగోళ్లు కూడా కడగాలి. అద్దం అంచును 2 మి.మీ. ఏటవాలుగా అరగదీసి ఉంచండి. లేదంటే పెచ్చు ఊడి గీత పడుతుంది.

ఇక పిచ్, అంటే తారులాంటి జిగట పదార్థం. దాన్ని టూల్ (అద్దానికి జోడీ దిమ్మె) మీద పోస్తే పాలిష్ చేసే ల్యాప్ అవుతుంది. దాని గట్టిదనం మీరు పాలిష్ చేసే గది వేడికి సరిపోవాలి. చల్లటి దేశాల లెక్కతో కాచిన పిచ్ మే నెలలో రామగుండంలోనో విజయవాడలోనో జావగారిపోతుంది. సన్నమంట మీద, ఆరుబయట కాచండి, పొగ పీల్చకండి. ఒక చుక్కను గది వేడిలో ఉన్న నీళ్లలో వేసి, పది నిమిషాలాగి, బొటనవేలి గోటితో ఓ మోస్తరుగా పది సెకన్లు అదమండి. సుమారు 6 మి.మీ. పొడవున నొక్కు పడితే పాకం కుదిరినట్టే. గోరు ఇట్టే దిగబడితే రోజిన్ (పిచ్‌ను గట్టిపరిచే చెట్టు బంక) కలపాలి. పెళుసుగా విరిగితే గిన్నెను మంటకు దూరంగా తీసుకెళ్లి నాలుగు చుక్కల టర్పెంటైన్ వేయాలి.

టూల్ చుట్టూ టేపు కట్టి 6 మి.మీ. మందాన పోయండి. కాస్త బిగుసుకున్నాక, గోరువెచ్చటి నీళ్లలో ఉంచిన అద్దానికి సీరియం ఆక్సైడ్ (పాలిష్ పొడి) పూసి ఆ పిచ్ మీద నొక్కండి. చల్లటి గాజైతే పగలొచ్చు. అంగుళం గళ్లు పడేలా పిచ్‌లో గాళ్లు కోయండి. గాళ్ల కూడలి గానీ, గడి మధ్య గానీ సరిగ్గా ల్యాప్ కేంద్రంలో పడకూడదు, పడితే అద్దంపై వలయాలు తేలతాయి.

సీరియం పల్చటి మజ్జిగలా ఉండాలి. అద్దం పైన, ల్యాప్ కింద. తోపు (అద్దాన్ని ముందుకూ వెనక్కూ నెట్టే దూరం) రెండంగుళాలు, అంటే వ్యాసంలో మూడో వంతు. అద్దాన్ని కొంచెం కొంచెం తిప్పుతూ, బల్ల చుట్టూ మీరూ తిరగండి. గాళ్లు పూడుకుపోతే మళ్లీ కోయాలి. పని మొదలుపెట్టే ముందు ప్రతిసారీ ఐదు కిలోల బరువుతో ఇరవై నిమిషాలు ల్యాప్ మీద అద్దాన్ని అదిమి ఉంచండి, ఈ ఓపిక తప్పదు.

పిచ్ మెత్తనైనా, తోపు పొడవైనా అంచు కిందికి వాలిపోతుంది. దీన్ని సరిచేయడం మహా కష్టం.

చేతి వేడి ఆకారాన్ని మార్చేస్తుంది కాబట్టి ఫూకో పరీక్షకు (దీపం, కత్తి అంచుతో పడే నీడల్ని బట్టి అద్దం ఆకారం చూడటం) ముందు గంటసేపు అద్దాన్ని ముట్టకండి. కత్తి అంచు అద్దానికి 2,438 మి.మీ. దూరంలో (ఫోకస్ దూరానికి రెట్టింపు) ఉండాలి. ఈ కొలతకు అద్దం గోళాకారంలో ఉన్నా, దానివల్ల వచ్చే దోషం కాంతి తరంగంలో పావు వంతు దగ్గర్లోనే ఉంటుంది. అంచు శుభ్రంగా ఉన్న గోళం వస్తే పరావలయం కోసం తొందరపడక్కర్లేదు. భూతద్దంతో అంచు చూడండి, అరగదీతలో మిగిలిన సన్నటి గుంటలు చివరగా పోయేది అక్కడే. అవి కనిపించినంతకాలం అల్యూమినియం పూతకు పంపొద్దు.